దోషానికి కారణాలు

టెచిమాన్‌లో హర్మటాన్ గాలి. గురువారం, రెండో పీరియడు.
బెంచీ పొడవు కొలవమంటే డాంక్వా
మూడు కొలతల సగటు కట్టి
తొమ్మిది దశాంశ స్థానాలు చదువుతాడు.
"నీ స్కేలు మీద అన్ని గీతలున్నాయా నాయనా?"
నిజంగానే వెతుకుతాడు.

స్కేలుకి తెలియంది నువ్వు చెప్పకు.
ఏడాది పొడుగునా నా పాఠం ఇంతే,
మిగతాదంతా సిలబస్.

మాకున్నవి రెండు కొలజాడీలు.
ఒకదాని మూతి విరిగింది.
రెండోదాన్ని పసిబిడ్డలా చేతులు మార్చుకుంటాం.
మోకాళ్ళ మీదికి వంగండి,
నీటి నడుమ పల్లం అడుక్కి
కన్ను సరిగ్గా ఎదురు రావాలి.
పైనుంచి చూసేవాళ్ళకి ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది
కిందినుంచి చూస్తే తక్కువ.
చెప్పాక అనిపించింది, ఇది నీళ్ళ గురించేనా అని.

ఇంట్లో ఉన్న కొలపాత్ర ఏదైనా తెండి, ఎంత పడుతుందో చూద్దాం అన్నాను.
మందుసీసా మూతలు వచ్చాయి, పాలపొడి చెంచాలు వచ్చాయి.
పొమా మాత్రం
వాళ్ళమ్మ మొక్కజొన్న కొలిచే ఒలొంకా డబ్బా తెచ్చింది.
బోర్లిస్తే అడుగున సుత్తి మచ్చలు,
లోపల చెయ్యి పెడితే పైకి ఉబ్బిన పొట్ట.
తరగతి గొల్లుమంది.
ఊళ్ళో ఏ డబ్బాకి లేదు గనక ఆ బొడ్డు!
పొమా నవ్వలేదు. నీళ్ళు వంపడం మొదలుపెట్టింది.

ఇరవై ఏడు జాడీలు. రెండువేల ఆరువందల తొంభై మిల్లీలీటర్లు.
ఒక్కో వంపుకి ఒక మిల్లీలీటరు అటో ఇటో,
కాబట్టి ఇరవై ఏడు అటో ఇటో.
కొట్లోంచి తెచ్చిన కొత్త డబ్బాకి ఇరవై తొమ్మిది.
తేడా నూటయాభై.
ఆ తేడాలో కూడా యాభయ్యారు అటో ఇటో,
అని రాసి, కింద రెండు గీతలు కొట్టింది.

"దోషం" అన్న మాట దగ్గర ఆగింది.
"మేడమ్, ఇది తప్పా?"
తప్పు కాదమ్మా, మన కొలతకి ఎంతవరకు తెలియదో
దాని పేరు, అన్నాను.
పుస్తకం ప్రకారం సరైన జవాబే.

ఇంటికెళ్ళి అడిగిందట. వాళ్ళమ్మ
చేతిలో గింజ కిందపెట్టకుండానే అందట:
"డబ్బా కొలిచావు సరే. కొసరు కొలిచావా?"

శనివారం జాడీ కావాలని వచ్చింది. బాగున్న జాడీ.
తలగుడ్డలో చుట్టి ఇచ్చాను,
రాత్రి నాకు నిద్ర లేదు, జాడీ మీద బెంగతో.

రెండో పట్టిక: పదిమంది కొనుగోలుదార్లు.
డబ్బా చదునుగా గొరిగి గోనెలో పోశాక
పైన వేసే దోసెడు,
గోనెలో పడకముందే పట్టి కొలిచింది.
తక్కువలో తక్కువ నూటపది,
ఒక ముసలావిడకి నూట ఎనభై.
సగటు నూట నలభై రెండు.

ముగింపు: "దోషపు హద్దుల్లో చూస్తే
మా అమ్మ తక్కువ ఇస్తోందని చెప్పలేం.
ఇవ్వట్లేదనీ చెప్పలేం."

నేను నేర్పిన వాక్యాలే. అయినా
ఎర్రపెన్ను చేతిలో బరువెక్కింది.

కింద "దోషానికి కారణాలు" శీర్షికలో
మొదటిది: జాడీ చిన్నది, ఎక్కువసార్లు వంపాలి.
రెండోది: గింజల మధ్య ఖాళీ.
మూడోది రాసి చెరిపేసింది, కాగితం పలచబడింది.
కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటే కనబడింది:
"కొలిచినంతసేపూ అమ్మ నన్ను చూస్తూనే ఉంది."

మూడో గడిలో ప్రమాణం రాయలేదని ఒక మార్కు తీశాను.
చెరిపిన దానికి మార్కులెలా వెయ్యాలో
ఏ మార్గదర్శినీ చెప్పదు.
"మళ్ళీ కొలువు" అని రాసి, కొట్టేశాను.

ఆ వారం బజారులో ఆమె దగ్గరే ఆగాను.
ఒక డబ్బా అడిగాను. గొరిగింది, పోసింది,
దోసెడు వేసింది, నా ముఖం కేసి చూసి
ఇంకో దోసెడు వేసింది.
టీచరమ్మనని తెలుసు.
నేనూ ఆమె చేతుల కేసి చూస్తూనే ఉన్నాను.